అన్నలూ, డ్యూటీ చార్టు ఒకసారి తెరవండి

తిరుపతిలో ఏ ఆఫీసుకెళ్ళినా అందరూ అన్నలే. సూపర్‌వైజరన్న, అకౌంట్సన్న, బస్సు డ్రైవరన్న. కొత్తగా చేరిన అమ్మాయికి మొదటిరోజే ఎవరో ఒకరు "నేనుండాను కదమ్మా, ఏమన్నా ఉంటే నాకు చెప్పు" అని ధైర్యం చెబుతారు. అలాంటివాళ్ళకు మన దగ్గర కొదవలేదు, చాలామంది నిజంగానే మంచివాళ్ళు. కానీ ఆ అన్న కుర్చీలో ఉన్నన్నాళ్ళే ఆ ధైర్యం. ఆయన బదిలీ అయిన మర్నాడు, వచ్చిన కొత్తాయన మనసెట్లాంటిదో మళ్ళీ మొదటినుంచి చూసుకోవాలి. పైగా ఆ మంచితనమే ఒక్కోసారి ఆమె ఉద్యోగానికి అడ్డం పడుతుంది. ఎట్లాగో చూడాలంటే రాత్రి షిఫ్టు దగ్గర మొదలుపెట్టాలి.

తడ దగ్గరి శ్రీసిటీ పారిశ్రామికవాడలో, రేణిగుంట, ఏర్పేడు వైపు ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీల్లో లైన్ల మీద కూర్చునేవాళ్ళలో ఆడపిల్లలు పెద్ద సంఖ్యలోనే ఉంటారు. మూడు షిఫ్టుల ఫ్యాక్టరీ అనుకోండి. నెలాఖరున చార్టు వేసేటప్పుడు షిఫ్టు ఇన్‌ఛార్జి "ఆడబిడ్డకు రాత్రి డ్యూటీ ఎందుకులే పాపం, పగలే వేద్దాం" అంటాడు. ఆమె కూడా థాంక్స్ అన్నా అంటుంది. దాంతో మొదట పోయేది నైట్ అలవెన్సు. తర్వాత ఓవర్‌టైము. ఈ రెండూ జీతం స్లిప్పులో కనబడతాయి కాబట్టి ఎవరైనా లెక్కగట్టగలరు. కనబడనిది మూడోది. రాత్రి రెండింటికి మెషీను మొరాయిస్తే పక్కన మేనేజరుండడు, మెయింటెనెన్సు వాళ్ళు ఒకరో ఇద్దరో ఉంటారు. లైను ఆపాలా, సగం వేగంతో నడపాలా, ఆ లాటు మొత్తం పక్కన పెట్టాలా అన్నది అక్కడున్న మనిషే తేల్చాలి. పని నేర్పేది ఆ రాత్రులే. రెండేళ్ళ తర్వాత షిఫ్టు ఇన్‌ఛార్జి పోస్టు ఖాళీ అయినప్పుడు ప్రమోషన్ ఫారంలో "మూడు షిఫ్టుల అనుభవం" అని ఒక గడి ఉంటుంది. ఆమె దగ్గర రాయడానికేమీ ఉండదు. ఫైలంతా తిరగేసినా ఆమెకు అన్యాయం చేసినవాడు ఒక్కడూ దొరకడు.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ప్రకారమైతే ఆడవాళ్ళ పని ఉదయం 6 నుంచి రాత్రి 7 లోపే ఉండాల్సింది. 2025 నవంబరు 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకొచ్చాయి. వాటిలో వృత్తి భద్రతకు సంబంధించిన కోడ్, సెక్షన్ 43 ప్రకారం ఆడవాళ్ళను అన్ని రకాల పనుల్లోనూ పెట్టుకోవచ్చు. రాత్రి 7 తర్వాత, ఉదయం 6కి ముందు పనిచేయించాలంటే ఆమె సమ్మతి కావాలి, భద్రత ఏర్పాట్లుండాలి. ఇక్కడే మన ఆఫీసుల తీరు చూడాలి. చేరేరోజు పీఎఫ్ ఫారం, బ్యాంకు ఫారం, ఐడీ కార్డు ఫారం అన్నీ ఒక కట్టగా ఇచ్చి "ఇక్కడొకటి, ఇక్కడొకటి సంతకం పెట్టమ్మా" అంటారు. సమ్మతి పత్రం ఆ కట్టలో పదకొండోదో పన్నెండోదో. దాన్ని సమ్మతి అనడం ఎట్లా?

ఆ పత్రాన్ని విడిగా, తెలుగులో, ఒకే పేజీలో రాయాలి. శ్రీసిటీ అయితే తమిళంలో కూడా, ఎందుకంటే తడ దాటితే తమిళనాడే. మూడు నెలలకోసారి మళ్ళీ అడగాలి. వద్దంటే ఎవరికి, ఎన్నిరోజుల ముందు చెప్పాలో అందులోనే ఉండాలి. వద్దన్నందుకు పగటి షిఫ్టు హాజరు బోనస్సు తగ్గదన్న వాక్యం కూడా ఉండాలి. చార్టు ఇన్‌ఛార్జి దయమీద వెయ్యకుండా, సమ్మతి ఇచ్చినవాళ్ళందరినీ, ఆడామగా తేడా లేకుండా, ఒకే వరుసలో తిప్పాలి. ఈ నెల పగలు, వచ్చే నెల మధ్యాహ్నం, ఆపై రాత్రి. 25వ తేదీకల్లా నోటీసు బోర్డు మీద పడాలి. ముందురోజు సాయంత్రం ఫోన్‌చేసి షిఫ్టు మార్చే అలవాటున్నచోట పిల్లలున్న తల్లులు సమ్మతి ఇవ్వరు. తప్పు వాళ్ళది కాదు.

ఇక బస్సు. సమ్మతి అసలు తేలేది అక్కడ. సత్యవేడు, వరదయ్యపాళెం, సూళ్ళూరుపేట, నాయుడుపేట, శ్రీకాళహస్తి రూట్లలో మెయిన్‌రోడ్డు మీద దింపేసి పోతే, అక్కడినుంచి ఊళ్ళోకి కిలోమీటరున్నర చీకట్లో నడిచేది ఆమే. రూటు గీసేటప్పుడు డీజిలు లెక్కతో గీస్తారు కాబట్టి ఇట్లా జరుగుతుంది. రాత్రి ట్రిప్పుకు ఇంటి వీధి మొగ దాకా వెళ్ళే చిన్న బండి వేరే పెట్టాలి. బండిలో చివరికి ఒక్క ఆడమనిషే మిగిలే వరుస ఉండకూడదు. మిగలక తప్పకపోతే గార్డు ఆమె దిగేదాకా బండిలోనే ఉండాలి. దిగిన సమయం డ్రైవరు ట్రిప్పు షీట్లో రాయాలి, మర్నాడు ఆ షీటును ట్రాన్స్‌పోర్టు వాళ్ళు కాకుండా ఇంకొకరు చూడాలి. వారానికొకసారి ఒక మగ సూపర్‌వైజరు ఆ రూటులో చివరి స్టాపు దాకా బస్సులో వెళ్ళి వస్తే చాలు, ఎక్కడ లైటు లేదో, ఎక్కడ బస్సు ముందే తిరిగిపోతోందో మీటింగు పెట్టకుండానే తెలిసిపోతుంది. నాకు తెలిసి మగవాళ్ళు చేయగల సాయాల్లో ఇంత చవకైనది, ఇంత పనికొచ్చేది ఇంకోటి లేదు.

జీతాల దగ్గరికి వద్దాం. "మా దగ్గర ఆడామగా తేడా లేదు, అందరికీ ఒకే శాతం ఇంక్రిమెంటు" అని గొప్పగా చెప్పే మేనేజర్లుంటారు. ఒకే శాతంలోనే తేడా పెరిగిపోతుంది. ఉదాహరణకు ఒకే పోస్టులో అబ్బాయి 18,000 బేసిక్‌తో, అమ్మాయి 16,500తో చేరారనుకుందాం. ఇంటర్వ్యూలో ఆయన బేరమాడాడు, ఆమె ఆడలేదు, అంతే. మొదటిరోజు తేడా 1,500. ఏడాదికి 8 శాతం చొప్పున ఇద్దరికీ సమానంగా పెంచుకుంటూ పోతే ఐదేళ్ళకు ఆయన 26,448, ఆమె 24,244. తేడా 2,204 అయింది. అప్పుడు ఇద్దరూ మానేస్తే గ్రాట్యుటీ, అంటే నెల జీతాన్ని 26తో భాగించి 15తో, తర్వాత ఐదేళ్ళతో హెచ్చవేస్తే, ఆయనకు 76,292, ఆమెకు 69,935. పీఎఫ్ కూడా పూర్తి బేసిక్ మీద కట్టే కంపెనీ అయితే అక్కడా అంతే. మొదటిరోజు కాగితం మీద పడిన 1,500 ఆమెను ఆఖరి చెక్కు దాకా వెంటాడుతుంది. ఆ కంపెనీ వదిలి ఇంకోచోటికి వెళితే అక్కడ "ముందు జీతమెంత?" అని అడుగుతారు. అక్కడికీ వెంటపోతుంది.

దీన్ని పట్టుకోవడానికి కన్సల్టెంట్లు అక్కర్లేదు. ఒక ఎక్సెల్ షీటు, ఒక మధ్యాహ్నం చాలు. పేర్లు తీసేసి ఆడా మగా, గ్రేడు, చదువు, షిఫ్టు, చేరిన తేదీ, చేరినప్పటి బేసిక్, ఇప్పటి బేసిక్, గత మూడేళ్ళ రేటింగులు, సెలవులో ఉన్న నెలలు, ఎవరి కింద పనిచేస్తున్నారు అన్న గడులుంటే సరిపోతుంది. గ్రేడువారీగా విడగొట్టి ఆడవాళ్ళ మధ్యస్థం (జీతాలు వరుసగా పేరిస్తే నడిమధ్యలో పడేది), మగవాళ్ళ మధ్యస్థం పక్కపక్కన పెట్టాలి. సగటు వద్దు. పై గ్రేడులో ఒక్క పెద్ద జీతం ఉంటే సగటు అబద్ధం చెబుతుంది. తేడా వచ్చినచోట అనుభవం, చదువు, షిఫ్టు వల్ల వచ్చే తేడాను తీసేసి చూడాలి. అప్పటికీ మిగిలితే సవరించడానికి బడ్జెట్లో విడిగా డబ్బు పెట్టాలి. ఇంక్రిమెంటు సొమ్ములోంచే సర్దితే మగవాళ్ళ వాటా కోసి ఇచ్చారన్న గొడవ మొదలవుతుంది, తర్వాత రెండేళ్ళు ఆ షీటు ఎవరూ తెరవరు. ఇంటర్వ్యూకి ముందే పోస్టుకు జీతం ఇంతనుంచి ఇంత అని ప్రకటించి, పాత జీతం అడగడం మానేస్తే ఈ తిప్పలు సగం తగ్గుతాయి. ఐస్‌లాండ్‌లో 25 మంది, ఆపైన పనిచేసే సంస్థలు సమాన జీతమిస్తున్నట్టు సర్టిఫికెట్ తెచ్చుకోవాలని 2018లో చట్టమే అమల్లోకి తెచ్చారు. రుజువు చేసుకోవలసిన బరువు ఉద్యోగిది కాదు, యజమానిదన్నమాట.

మన వేతనాల కోడ్ కూడా ఒకే పనికే కాదు, "ఒకేలాంటి పని"కీ సమాన వేతనమనే అంటుంది. నైపుణ్యం, శ్రమ, అనుభవం, బాధ్యత, పనిచేసే పరిస్థితులు, ఈ ఐదూ చూడమంటుంది. చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీల్లో సీజను పని గమనిస్తే ఇదెందుకు ముఖ్యమో తెలుస్తుంది. తోతాపురి దిగుబడి మొదలయ్యాక కాయలు కడిగి, ఏరి, తొడిమ కోసి, మచ్చ చెక్కే వరుసలో ఆడవాళ్ళుంటారు. తడి నేల మీద షిఫ్టంతా నిలబడి, చేతిలో కత్తితో. కుళ్ళిన కాయ ఒక్కటి దాటిపోతే బ్యాచ్ దెబ్బతింటుంది, అంటే బాధ్యత చిన్నదేం కాదు. రిజిస్టరులో దాన్ని "నైపుణ్యం లేని పని" అని, పక్కన మగాయన మెషీను మీట నొక్కేదాన్ని "సగం నైపుణ్యం" అని రాసుంటే, రేటు తేడాకు మూలం ఆ మాటే. బాయిలరు దగ్గరైతే సర్టిఫికెట్ కావాలి, సరే. గుజ్జు తీసే మెషీనుకు ఏం కావాలి? కొద్దిరోజుల శిక్షణ. సీజను మొదలయ్యే ముందు వారం ఆ శిక్షణ ఏరే వరుసలోని ఆడవాళ్ళకు కూడా ఇవ్వడానికి అడ్డేమిటో నాకు అంతుబట్టదు.

ఇక "ఆడపిల్లల్ని తీసుకుంటే ఆరు నెలలు ఊరికే జీతమివ్వాల" అన్న మాట. ఇంటర్వ్యూ గదిలో బయటికి అనరు గానీ, "పెళ్ళెప్పుడమ్మా?" అన్న ప్రశ్న దాని పిల్లే. ప్రసూతి సెలవు 2017 సవరణ తర్వాత మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాలు, అది నిజమే. కానీ నెలకు 21,000 లోపు జీతంతో ఈఎస్‌ఐ (కార్మికుల బీమా) పరిధిలో ఉన్న ఉద్యోగికి ఆ 26 వారాల డబ్బు ఈఎస్‌ఐ కార్పొరేషనే ఇస్తుంది, కంపెనీ కాదు. లైను మీద పనిచేసే పిల్లల్లో చాలామంది ఈ లెక్కలోకే వస్తారు. ఇంటర్వ్యూ బోర్డులో ఉన్న మగవాళ్ళకు ఈ ఒక్క విషయం తెలిసి, తెలిసినట్టు పైకి అంటే, సగం నసుగుడు అక్కడే ఆగిపోతుంది. పెళ్ళి ప్రశ్న పక్కాయన అడిగితే "అది ఫారంలో లేదు సార్, ముందుకు పోదాం" అని అప్పుడే అనాలి. బయటికొచ్చాక ఆమెతో "ఏమనుకోకమ్మా" అంటే ఏం లాభం?

సెలవు తర్వాత వచ్చే రేటింగు ఇంకో గుంట. ఏడాదికి 240 లక్ష్యం, ఆమె ఉన్నది ఆరు నెలలు, చేసింది 126 అనుకోండి. పన్నెండు నెలలకు లెక్కేస్తే 52.5 శాతం, "మెరుగుపడాలి". ఉన్న ఆరు నెలలకు లెక్కేస్తే 120కి 126, అంటే 105 శాతం, "చాలా బాగుంది". మనిషి ఒకటే, పని ఒకటే. సాఫ్ట్‌వేర్లో లక్ష్యాన్ని సెలవు నెలల మేరకు తగ్గించే ఏర్పాటు లేకపోవడంతో ఇట్లా జరుగుతుంది. దానికితోడు ప్రతి టీములో ఇంతమందిని కింది మెట్టులో పెట్టాల్సిందే అన్న రూలుంటే, ఎదురుగా కూర్చున్నవాడిని బాధపెట్టడం కంటే సెలవులో ఉన్నామె పేరు రాయడం సూపర్‌వైజరుకు తేలిక. సెలవులో ఉన్నవాళ్ళను ఆ మెట్ల లెక్కలోంచే తీసెయ్యాలి.

శిశు సంరక్షణ గది గురించి ఒక్క మాట. 50 మంది, ఆపైన ఉంటే పెట్టాలన్నప్పుడు ఆ యాభైలో మగవాళ్ళూ లెక్కే. "మా దగ్గర ఆడోళ్ళు ఇరవై మందే" అంటే కుదరదు. తల్లికి రోజుకు నాలుగుసార్లు బిడ్డను చూసొచ్చే వీలు ఇవ్వాలి. గది గేటు పక్కన, లైను ఫ్యాక్టరీ ఆ కొసన ఉంటే ఆ నాలుగుసార్లూ కాగితం మీదే.

లైంగిక వేధింపుల ఫిర్యాదుల కమిటీ విషయంలో కాస్త ఎక్కువసేపు ఆగుదాం. 2013 చట్టం ప్రకారం పదిమంది, ఆపైన పనిచేసే ప్రతిచోటా అంతర్గత కమిటీ ఉండాలి. అధ్యక్షురాలు సీనియర్ ఉద్యోగిని, సభ్యుల్లో కనీసం సగం ఆడవాళ్ళు, బయటి సభ్యులొకరు, పదవీకాలం మూడేళ్ళకు మించదు. ఫిర్యాదు సంఘటన జరిగిన మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఇవ్వాలి. తగిన కారణముంటే కమిటీ ఇంకో మూడు నెలలు పొడిగించవచ్చు. ఫిర్యాదు కాపీని, అది అందిన ఏడు పనిదినాల్లో ఎదుటివ్యక్తికి పంపాలి, ఆయన పది పనిదినాల్లో జవాబివ్వాలి, విచారణ 90 రోజుల్లో ముగియాలి, ఆపై పది రోజుల్లో నివేదిక, అది అందాక 60 రోజుల్లో చర్య. కాంట్రాక్టు మనుషులు, ట్రైనీలు, అప్రెంటిస్‌లు అందరూ దీని కిందికే వస్తారు. కొండకింద లాడ్జీల్లో, హోటళ్ళలో గదులు ఊడ్చే ఆమె ఏజెన్సీ మనిషైనా సరే. పదిమంది కంటే తక్కువున్న దుకాణమైనా, ఫిర్యాదు యజమాని మీదే అయినా, జిల్లా స్థాయిలో స్థానిక కమిటీకి ఇవ్వాలి. తిరుపతి జిల్లా 2022 ఏప్రిల్ 4న విడిపోయింది కాబట్టి గోడమీది బోర్డులో ఇంకా చిత్తూరు నంబరే ఉందేమో చూసుకోండి.

ఎక్కడ చెడుతుందంటే, అధ్యక్షురాలిగా పెట్టినామె ఆరోపణ ఎదుర్కొంటున్న మేనేజరు దగ్గరే ఇంక్రిమెంటు తీసుకునే మనిషి అయినప్పుడు. బయటి సభ్యుడిగా కంపెనీ కేసులు చూసే లాయరునే వేసినప్పుడు. మూడేళ్ళు దాటిపోయినా పాత ఆర్డరే నడుస్తున్నప్పుడు. అన్నిటికంటే ఎక్కువగా పెద్దమనిషి తరహా అన్న ఒకరు మధ్యలో దూరి "మాట్లాడి సర్దేద్దాం" అన్నప్పుడు. రాజీ ఫిర్యాదు చేసినామె తనంతట తాను అడిగితేనే, అదీ కమిటీ ద్వారానే, అందులో డబ్బు చేతులు మారకూడదు. "మా దగ్గర ఐదేళ్ళుగా ఒక్క కంప్లైంటూ లేదు" అని మురిసిపోయే ముందు, కమిటీలో ఎవరున్నారో పదిమందిని అడిగి చూడండి. ముగ్గురు కూడా చెప్పలేకపోతే ఆ సున్నాకు అర్థం వేరే.

ఇందులో తోటి మగ ఉద్యోగి పని సాక్ష్యం. చూసింది చూసినట్టు అదేరోజు తేదీ, సమయం, అన్న మాటలు, పక్కనున్నవాళ్ళు, అన్నీ రాసి పెట్టుకోవాలి. నెల తర్వాత గుర్తుచేసుకుంటే మాటలు మెత్తబడతాయి. ఆమె ఫిర్యాదు చెయ్యాలా వద్దా అన్నది ఆమే తేల్చుకోవాలి. "నేను చూశాను, కావాలంటే వచ్చి చెబుతాను" అని ఒక్కసారి చెప్పి వదిలెయ్యాలి. టీ బంకు దగ్గర ఆ కథ చెప్పడం చట్టమే నిషేధించింది. సాయం చేసే తొందరలో ఎక్కువమంది జారేది అక్కడే.

మిగతావి చిన్నవే. మీటింగు మినిట్స్ రాయడం, వెళ్ళిపోయేవాళ్ళకు చందాలు వసూలు చెయ్యడం, సంక్రాంతికి ముగ్గులు, వినాయక చవితికి అలంకరణ, ఇవన్నీ ఎప్పుడూ ఆడవాళ్ళ ఒళ్ళోనే పడుతుంటే హాజరుపట్టీ వరుసలో తిప్పండి. ఈసారి చందాలు అకౌంట్సన్న వసూలు చేస్తాడు, ఏం కాదు. ఆమె చెప్పిన ఆలోచనను పది నిమిషాల తర్వాత ఇంకొకాయన తనదిగా చెబితే "ఇందాక ఆమె చెప్పిందదే, మిగతాది ఆమెనే చెప్పనిద్దాం" అనాలి. వాట్సాప్ గ్రూపులో పడ్డ జోకుకు గ్రూపులోనే జవాబివ్వాలి. విడిగా ఆమెకు సారీ పంపితే జోకు గ్రూపులో అట్లాగే ఉంటుంది. చేతి గ్లవ్స్, సేఫ్టీ షూస్ ఆడవాళ్ళ సైజుల్లో తెప్పించడానికి ఇండెంటు పెట్టాలి. వదులు గ్లవ్ తిరిగే మెషీను దగ్గర ప్రమాదం. మార్చి 8న గులాబీ పువ్వు ఇచ్చే ఖర్చు ఈ ఇండెంటులోకి మళ్ళించినా నాకు అభ్యంతరం లేదు.

ఇంటి లెక్క కూడా ఆఫీసుకే చేరుతుంది. 2024లో దేశమంతటా జరిపిన సమయ వినియోగ సర్వేలో, ఇంటిపని చేసినవాళ్ళను మాత్రమే తీసుకున్నా, ఆడవాళ్ళు రోజుకు 289 నిమిషాలు, మగవాళ్ళు 88 నిమిషాలు దానికి పెట్టారు. సాయంత్రం ఐదున్నరకు మొదలయ్యే మీటింగు ఎవరిని గదిలోంచి వెళ్ళగొడుతుందో ఈ రెండంకెలు చాలు చెప్పడానికి. స్వీడన్ 1974లోనే తండ్రులకు కూడా శిశు సెలవు ఇచ్చింది. ఇద్దరూ పంచుకోవచ్చన్నారు గానీ తీసుకున్నది ఎక్కువగా తల్లులే. 1995లో ఒక నెలను తండ్రి వాడుకోకపోతే పోయేట్టు కేటాయించాకే మగవాళ్ళు కదిలారు. మంచిమనసు ఇరవయ్యేళ్ళలో చెయ్యలేనిది రూలు చేసింది.

మన దగ్గర కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు పదిహేను రోజుల పితృత్వ సెలవుంది. బిడ్డ పుట్టిన ఆరు నెలల్లోపు వాడుకోవాలి, లేకపోతే పోతుంది. ప్రైవేటులో అది కంపెనీ పాలసీని బట్టి. ఉన్నచోట కూడా రెండు రోజులు తీసుకుని "పని ఎక్కువగా ఉందన్నా" అని తిరిగొచ్చేవాళ్ళే ఎక్కువ. టీమును నడిపే మనిషి పదిహేనూ పూర్తిగా తీసుకుంటే కిందివాళ్ళు ధైర్యం చేస్తారు. రెండు నెలల ముందే తేదీలు చార్టులో వేయించాలి, ఫోను చెయ్యకండి అని చెప్పి వెళ్ళాలి. ఇన్‌ఛార్జి బాధ్యతను టీములో అర్హత ఉన్నామెకు, మామూలుగా ఎప్పుడూ పేరు రానామెకు ఇవ్వాలి. "నువ్వు చూసుకోమ్మా" అన్న నోటిమాటతో కాదు. ఆర్డరు నంబరు, మొదలైన తేదీ, ముగిసే తేదీ, సంతకం చేసే అధికారం ఎంతవరకో రాసి, హెచ్ఆర్ ముద్రతో ఒక కాపీ ఆమె సర్వీసు ఫైల్లో పెట్టించాలి. రెండేళ్ళ తర్వాత ప్రమోషన్ ఫారంలో అనుభవం గడి దగ్గర ఆమెకు రాసుకోవడానికి ఒక నంబరు, రెండు తేదీలు ఉంటాయి.